మాణిక్యం వెళ్ళాక మొలిచిన పుట్టగొడుగులు

పశువైద్యంలోకి కొత్తగా వచ్చిన పిల్లలు మా ఇంటికొస్తే కాసేపటికి అడిగే మాట ఒకటుంది. "సార్, మీరు ఏనుగుకి వైద్యం చేశారటగా?" చేశాను. ఒక్క ఏనుగుకే. మిగతా ఉద్యోగమంతా ఆవులు, గేదెలు, దుక్కిటెద్దులు, గొర్రెలు. భుజం దాకా చెయ్యి పెట్టి అడ్డం తిరిగిన దూడను లాగడం, గాలికుంటు జబ్బు రోజుల్లో సైకిలు మీద ఊరూరా తిరగడం. ప్రమోషన్ల సంగతీ బదిలీల సంగతీ రాయను. అవి అందరివీ ఒక్కలాగే ఉంటాయి.

మన రోగులకు నోరు లేదని కాలేజీలో చెప్తారు. నిజమే, కానీ పక్కన తాడు పట్టుకుని నిలబడ్డ మనిషికి నోరుంటుంది. ఆ మనిషి చెప్పేదాంట్లో కొంత పశువు గురించి, కొంత తన గురించి. ఆ రెండూ ఎలా విడదీయాలో ఏ పుస్తకంలోనూ లేదు. నాకు అది పోలయ్య అనే మావటి దగ్గర తెలిసింది. ఇప్పుడు రాసేది అతని గురించే.

కోట వెనక తోట

అరవైల చివరి సంవత్సరాలవి. రాజాం నుంచి బస్సులో వెళ్ళాల్సిన ఒక పాత జమీందారీ ఊళ్ళో నన్ను వేశారు. ఊరి పేరు రాయను. ఆ కుటుంబం వాళ్ళు ఇంకా ఉన్నారు, మంచివాళ్ళు. జమీందారీ పోయి చాలా కాలమైనా అందరూ ఆ పెద్దాయనను రాజావారనే అనేవారు. కోటలో సగం గదులకు తాళాలు పడ్డాయి. గుర్రాలు కట్టిన చోట ధాన్యం బస్తాలు ఉండేవి. కోట వెనక తోట మాత్రం ఎవరి అదుపూ లేకుండా పెరిగింది. పనసలు, సపోటాలు, సంపెంగలు, ఏ దేశం నుంచి తెప్పించారో పేరు తెలియని చెట్లు. రాణివాసం వాళ్ళు సాయంత్రాలు నడవడానికి పరిచిన రాతిబాటల సందుల్లో మోకాలెత్తు గడ్డి. ఆ బాటల మీద అప్పటికి నడుస్తున్నది మాణిక్యం ఒక్కతే.

మాణిక్యం వయసు మళ్ళిన ఆడ ఏనుగు. రాజావారి పెళ్ళి ఊరేగింపులో అంబారీ మోసిందట. నేను చేరిన ఏడాది తొలకరికి దాని ముందరి కాలి అరికాల్లో చీము పట్టింది. నేను అంతకుముందు ఏనుగును ముట్టుకున్నవాణ్ణి కాదు. చేతిసంచీతో ఏనుగుసాల ముందు నిలబడి ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక చూస్తున్నాను. పోలయ్య బక్కపల్చటి మనిషి, బొంగురు గొంతు. అంకుశం గోడకు తగిలించి దాని చెవి దగ్గరికి వెళ్ళాడు.

"డాట్టరుబాబు ఒచ్చేరమ్మా. కాలు సూపించు. నొప్పెడితే నాకు సెప్పు, ఆయన్నేటీ అనకు."

అది కాలెత్తి ముందున్న దుంగ మీద పెట్టింది. చీము తీసి, పర్మాంగనేటు నీళ్ళతో కడిగి, వేపనూనె పట్టించాను. నొప్పి పుట్టినప్పుడల్లా దాని తొండం పోలయ్య భుజం మీదికి వెళ్ళేది, నా మీదికి రాలేదు.

ఆ పుండు మానడానికి వానాకాలమంతా పట్టింది. ఆసుపత్రి మూసి రోజూ సాయంత్రం తోటకు వెళ్ళేవాణ్ణి. పని చిన్నదే. కానీ పని అయిపోయాక కూడా అక్కడే కూర్చునేవాణ్ణి. తడిసిన సంపెంగల వాసన, రేకుల డబ్బాలో పడే చినుకుల చప్పుడు, పక్కన అంత పెద్ద ప్రాణి నెమ్మదిగా తీసే ఊపిరి. అంత నిమ్మళమైన సాయంత్రాలు నా ఉద్యోగంలో మళ్ళీ దొరకలేదు. ఇప్పుడు మా ఊళ్ళో వాన పడుతుంటే కిటికీ దగ్గర కూర్చుంటాను. అది ఆ వాన కాదని తెలుస్తూనే ఉంటుంది.

సాల వెనక సపోటా నీడలో మాణిక్యం పేడ కుప్ప పోసేవారు. ఏనుగు తిన్నదాంట్లో చాలా భాగం అరగదు, పీచుపీచుగా బయటికి వస్తుంది. ఏళ్ళ తరబడి పోసిన కుప్ప కాబట్టి మనిషెత్తు లేచింది. వానలకు దాని మీద పుట్టగొడుగులు మొలిచేవి. లేత బంగారు రంగు టోపీ, తెల్లటి కాడ. గిల్లితే ఆ కాడ నీలం తిరిగేది. చూడడానికి అందంగా ఉండేవి. అంతకుమించి వాటిని నేను పట్టించుకోలేదు.

పైడమ్మ వండిన కూర

పోలయ్య భార్య పేరు పైడమ్మ. సాల పక్క పాకలోనే కాపురం. ఒకసారి ముసురు పట్టి సంతకు వెళ్ళడం కుదరక, కుప్ప మీద ఉన్నవి కోసి కూర వండింది. పొలం గట్ల మీద పుట్టల్లో లేచేవి మా వైపు అందరూ తింటారు. ఇవీ అలాంటివే అనుకుంది.

మధ్యాహ్నం భోజనాల వేళ దాటాక ఒకతను ఆసుపత్రికి పరుగెత్తుకొచ్చాడు. "బాబూ, ఏనుగుసాల కాడ మనుషులకి పిచ్చెక్కినాది. పెద్దాసుపత్రి డాట్టరు శ్రీకాకుళం ఎల్లిపోనారంట. మీరే రావాల."

వెళ్ళేసరికి తోట గుమ్మం దగ్గర జనం. పైడమ్మ పాక అరుగు మీద కూర్చుని తన అరచేతులు చూసుకుంటూ నవ్వుతోంది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూసుకుంటోంది. కంటిపాపలు చీకట్లో పిల్లి కళ్ళలా విచ్చుకున్నాయి. ఏం తిన్నావని అడిగితే కూర దాక చూపించింది. పోలయ్య సాలలో మాణిక్యం ముందరి కాలికి చెంప ఆనించి నిలబడ్డాడు. నాకు భయం వేసింది. మావటి తీరు మారితే ఏనుగు బెదురుతుంది. బెదిరిన ఏనుగు కాలి దగ్గర మనిషి మిగలడు. కానీ మాణిక్యం కదలడం లేదు. తొండం అతని వీపు మీద వేసి అలాగే నిలబడింది.

"పోలయ్యా, ఇలా బయటికి రా."

"ఇటు సూడండి బాబూ. ఈ తోలు మీద ఏళ్ళు పారతన్నాయి."

దాని వయసు గురించి చెబుతున్నాడనుకున్నాను. "ఎన్నేళ్ళు?"

"ఆ ఏళ్ళు కాదు బాబూ, నీళ్ళేరు. ఇదిగో ఇది నాగావళి. ఈ కాడికొచ్చి సిన్న గెడ్డ కలస్తన్నాది. సెవి పెట్టి ఇనండి, లోపలెంత సల్లగ ఉన్నాదో."

నా దగ్గర మందు లేదు. ఉన్నా మనుషులకు ఇచ్చే పని నాది కాదు. గుంపును బయట ఉంచాను, మిగిలిన కూర పారబోయించాను, పైడమ్మ బావి వైపు వెళ్ళకుండా చూశాను. అతన్ని మాటల్లో పెట్టి కొంచెం కొంచెంగా ఇవతలికి తీసుకొచ్చి కూర్చోబెట్టి, పక్కనే కూర్చున్నాను. దీపాలు పెట్టే వేళకు ఇద్దరికీ మత్తు దిగింది. పైడమ్మ సిగ్గుతో కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఏటి నవ్వేనో ఏటో బాబూ, ఊరంతా సూసినాది." పోలయ్య సిగ్గుపడలేదు. ఏనుగు వైపే చూస్తూ ఉండిపోయాడు.

తర్వాత నాలుగు పుట్టగొడుగులు తడి గుడ్డలో చుట్టి శ్రీకాకుళం కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పే ఒకాయనకు చూపించాను. పేడ మీద మొలిచే జాతుల్లో ఇలాంటివి ఉన్నాయనీ, తిన్నవాళ్ళకు కొన్ని గంటలపాటు లేనివి కనిపిస్తాయనీ, వినిపిస్తాయనీ చెప్పాడు. చూపుకు వీటిలాగే ఉండి ప్రాణం తీసేవి కూడా ఉన్నాయి, ఎవరినీ ముట్టుకోనివ్వకండి అన్నాడు. ఆ మాట పోలయ్యకూ పైడమ్మకూ చెప్పాను. ఆమె మళ్ళీ వాటి జోలికి పోలేదు.

నేను రాసిన సర్టిఫికెట్

ఊళ్ళో మాట మరోలా పాకింది. ఏనుగుకు పిచ్చి పట్టిందనీ, దాని గాలి సోకి మావటీ పెళ్ళామూ అలా అయ్యారనీ, రేపు అది గొలుసు తెంపుకుంటే పిల్లాజెల్లా ఏమైపోవాలనీ. కొందరు తాలూకాఫీసుకు వెళ్ళి ఏనుగును కాల్చెయ్యాలని అడిగారు. పై నుంచి మా జిల్లా అధికారికి కబురొచ్చింది. ఆయన శ్రీకాకుళం నుంచి జీపులో వచ్చాడు.

ఆయన మొండి మనిషి, నోరు దురుసు. కానీ పశువు దగ్గర చేతులు మెత్తన. మాణిక్యం కళ్ళు, నోరు, పాదాలు తీరిగ్గా చూశాడు. అరటిపళ్ళు తన చేత్తోనే తినిపించాడు. తర్వాత నన్ను సంపెంగ చెట్టు కిందికి తీసుకెళ్ళాడు.

"ఏం రాస్తావు?"

"ఆరోగ్యంగా ఉంది, ఏ ప్రమాదమూ లేదు అని రాస్తాను సార్. పుట్టగొడుగుల సంగతి కూడా రాస్తాను."

"రాస్తే ఏమవుతుందో తెలుసా?"

"ఇక్కడే ఉంటుంది సార్."

"ఉండదు. అమ్ముడుపోతుంది. రాజావారి అబ్బాయి విశాఖపట్నంలో ఉన్నాడు కదా, ఎప్పట్నుంచో ఆ ప్రయత్నంలోనే ఉన్నాడు. జబ్బు ఏనుగును ఎవరు కొంటారు? ఇంకా చూస్తున్నాం అని రాసి రోజులు గడుపు. అరిచేవాళ్ళు అరిచి ఊరుకుంటారు. రాజావారి గుమ్మంలో తుపాకీ పేల్చే దమ్ము ఎవడికీ లేదు."

నేను ఉన్నదున్నట్టే రాశాను. ఆయన దాని మీద సంతకం పెట్టి వెళ్ళిపోయాడు. ఆయన చెప్పినట్టే జరిగింది.

నా చేత తప్పు జరిగిందని ఇప్పటికీ అనుకోను. మళ్ళీ ఆ రోజే వచ్చినా అదే రాస్తాను. పశువు బాగుంటే బాగుందనే రాయాలి. కానీ రాసిన నిజం మన చేయి దాటాక ఎవరి పనికి వస్తుందో మన చేతిలో ఉండదు. ఈ ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఇది మీకు ఎదురవుతుంది. దానికి విరుగుడు నాకు దొరకలేదు.

ఒరిస్సాలో బరంపురం అవతల ఒక మఠం వాళ్ళు కొన్నారు. రాజావారు నన్ను కోటకు పిలిపించి తనే ఆ మాట చెప్పారు. చేతికర్ర కుర్చీకి ఆనించి, బయటి వరండాలో ఒక్కరే కూర్చున్నారు.

"మేము అమ్ముకుంటున్నామని ఊరంతా అనుకుంటారు డాక్టరుగారూ. సాకలేకపోతున్నాం. దాని కడుపు నింపలేని ఇంట్లో దాన్ని కట్టి ఉంచడం మర్యాద కాదు. మఠంలో అయితే చెరకు తింటుంది."

"పోలయ్య కూడా వెళ్తాడా అండీ?"

"అడిగాం. వాళ్ళ మావటి వాళ్ళకు ఉన్నాడట."

మాణిక్యం నడిచే వెళ్ళింది. పోలయ్య ఇచ్ఛాపురం దాకా తోడు వెళ్ళి, అక్కడ గొలుసు అప్పగించి బస్సులో తిరిగొచ్చాడు. వచ్చి సాల కడిగాడు. మర్నాడూ కడిగాడు.

మళ్ళీ వానలు

తర్వాతి ఏడాది తొలకరి పడ్డాక పైడమ్మ ఆసుపత్రికి వచ్చింది. గేదె దూడకు మందు కావాలంది. మందు చేతిలో పెట్టినా కదల్లేదు.

"ఇంకేమైనా కావాలా?"

"మా ఇంటోడు తోటలోకి పోతన్నాడు బాబూ. ఆ పుట్టకొక్కులు తింటన్నాడు."

"పొరపాటున తిన్నాడా?"

"పొరపాటేటి బాబూ. ఏరుకోని తింటన్నాడు. తినేసి ఆ కాళీ సాలలో కూకుంటాడు. పొద్దు గూకినాక ఇంటికొస్తాడు, ఒక్క మాటాడడు. మీరా కుప్ప తగలెట్టీండి. నాను తగలెడితే నన్ను సంపేస్తాడు."

ఆ మధ్యాహ్నమే వెళ్ళాను. సన్నగా వాన పడుతోంది. తోటలో గడ్డి బాటలను పూర్తిగా కప్పేసింది. పోలయ్య సాలలో గోడకు ఆనుకుని కూర్చున్నాడు. కళ్ళు మూసుకుని ఉన్నాయి. నా అడుగుల చప్పుడుకు తెరిచాడు. అప్పటికి ఆ మత్తు చాలావరకు దిగినట్టుంది. మాట స్పష్టంగానే ఉంది.

"కూకోండి బాబూ. ఆ పక్కకి కూకోండి. ఇక్కడ కాదు."

అతను చూపించిన చోట కూర్చున్నాను. మా ఇద్దరి మధ్య ఏనుగు పట్టేంత జాగా మిగిలింది.

"కనిపిస్తోందా పోలయ్యా?"

"కనపడదు బాబూ. ఒక్కపాలీ కనపడలేదు. కనపడితే ఇంకేటి కావాల. ఊపిరి ఇనిపిస్తాది. వోసనొస్తాది. ఈ పక్క గాలి ఎచ్చగ అవుతాది. కళ్ళు తెరిస్తే పోతాది, అందుకే మూసుకోనుంటాను."

"ఆరోగ్యం పాడవుతుంది. చూపుకు అలాంటివే విషమైనవి ఉంటాయని చెప్పాను కదా."

"ఇవి ఇసం కావు బాబూ. దాని కడుపులోంచి వొచ్చినవి. ఎక్కడో పుట్టినవి కావు." కుప్ప వైపు చెయ్యి చూపించాడు. "కిందటి వారం గంపెడు లేచేయి. ఇప్పుడు గుప్పెడు కూడా నేవు. కుప్ప అణిగిపోతన్నాది. కొత్తది పడదు కదా. ఈ వానలకి అయిపోతాది. పైఏడు ఏటి సెయ్యాల?"

లేచి కుప్ప దగ్గరికి వెళ్ళి చూశాను. నిజంగానే సగానికి పైగా కుంగి మట్టిలో కలిసిపోయింది. మొలిచినవి రెండు మూడు చోట్ల ఉన్నాయి. ఒకటి కోశాను. నా వేళ్ళ కింద కాడ నీలం తిరిగింది. కాసేపు చేతిలో పట్టుకుని పారేశాను.

మా ఆవిడ పోయాక ఆ క్షణం నాకు చాలాసార్లు గుర్తొచ్చింది. తలుపు తీసుకుని ఇంట్లోకి వస్తే ఒక పక్క గాలి చల్లగా, ఖాళీగా తగులుతుంది. వెచ్చగా తగిలితే ఎలా ఉంటుందో పోలయ్యకు తెలుసు. అప్పట్లో అతని మీద జాలి పడ్డాను. ఇప్పుడు జాలి పడే అర్హత నాకు లేదు.

కుప్పకు నిప్పు పెట్టలేదు. సాలలోకి తిరిగి వచ్చి అన్నాను. "మఠానికి వెళ్దాం. నేను తీసుకెళ్తాను. నిజంగా చూద్దువుగాని."

అతను తల అడ్డంగా ఊపాడు. "ఎల్తే తిరిగి రాలేను బాబూ."

"రాలేకపోతే అక్కడే ఉండు. పైడమ్మకు నేను చెప్తాను."

అలా అనే అధికారం నాకు లేదు. కానీ ఆ మాటకే లేచాడు.

బరంపురం అవతల

మఠం నుంచి తిరిగి వచ్చాక జరిగిన సంగతి ముందే చెప్పేస్తాను, రైల్లో జరిగిన మాట దగ్గర ఆపాలని ఉంది. మేం వచ్చిన వారంలో పోలయ్యే రైతులను పిలిచి, కుప్ప మొత్తం బళ్ళకెత్తించి వరి పొలాల్లో చల్లించాడు. పార పట్టి తనే ఎత్తాడు. ఆ తర్వాత రాజాంలో ఒక ధాన్యం మిల్లులో పనికి కుదిరాడు. పైడమ్మ కూడా వెళ్ళింది. నాకు శృంగవరపుకోట బదిలీ అయ్యింది. వాళ్ళను మళ్ళీ చూడలేదు. తోటలో తర్వాత ఇళ్ళు లేచాయని విన్నాను. నేను వెళ్ళి చూడలేదు.

మఠానికి వెళ్ళిన రోజు ఎండ కాసింది. చీపురుపల్లిలో రైలెక్కి బరంపురంలో దిగి, అక్కణ్ణుంచి బస్సు. దారి పొడుగునా పోలయ్య ఏమీ తినలేదు. చెరకు ముక్కలు కొని కండువాలో కట్టుకున్నాడు. మఠం ఆవరణ పెద్దది, శుభ్రంగా ఉంది. దూరంగా కొబ్బరిచెట్ల కింద మాణిక్యం నిలబడి ఉంది. నుదుటి మీద రంగులు వేశారు. ఒళ్ళు పట్టింది. ముందు పచ్చగడ్డి కుప్పలుగా ఉంది. ఒక కుర్ర మావటి దాని ఒంటి మీద నీళ్ళు పోస్తున్నాడు.

నేను ముందుకు అడుగేశాను. పోలయ్య నా చెయ్యి పట్టుకుని ఆపాడు. అంతకుముందు ఎప్పుడూ నన్ను ముట్టుకోలేదు. వంగి చిటికెడు మట్టి తీసి గాలిలోకి వదిలాడు. అది మా వైపే వచ్చి పడింది.

"గాలి ఇటే వొస్తన్నాది. ఇక్కడే ఉందాం బాబూ."

"ఎందుకు? దగ్గరికి వెళ్ళు. అందుకే కదా వచ్చాం."

"ఇప్పుడిప్పుడే ఆ కుర్రోడి మాట ఇంటన్నాది. సూడండి, కాలెత్తమంటే ఎత్తినాది. నా వోసన తగిల్తే మళ్ళీ ఆడి మాట ఇనదు. నాను ఎల్లిపోనాక ఎవుడి మాటా ఇనదు. అప్పుడు దాన్ని కొడతారు."

మేం ఒక గోడ పక్కన నిలబడ్డాం. స్నానం అయ్యేదాకా, మేత అయ్యేదాకా చూశాం. ఒకసారి అది మేత ఆపి తొండం పైకెత్తి గాలిని వెతికింది. పోలయ్య గోడ చాటుకు జరిగాడు. అది తొండం దించి మళ్ళీ గడ్డి అందుకుంది. గాలి తిరగకముందే పోదామన్నాడు. కండువాలోని చెరకు గుమ్మంలో ఉన్న ఒక సాధువు చేతిలో పెట్టి, ఏనుగు వైపు చూపించి, వెనక్కి తిరగకుండా నడిచాడు.

తిరుగు రైల్లో కిటికీ పక్క కూర్చున్నాడు. పలాస దాటింది. ఏడుస్తాడేమోనని నేను బయటికి చూస్తూ కూర్చున్నాను.

"బాబూ, ఆ కుర్రోడు దాన్ని ఏటని పిలిసినాడు? మీరిన్నారా?"

విన్నాను. చెప్పకూడదనుకున్నాను. "కమల అని పెట్టినట్టున్నారు."

"అలగ కాదు. మన కమలలాగ పలకనేదు."

"ఒడియావాళ్ళు కొమొళా అంటారు."

"పిలిస్తే సెవులు ఊపినాది. పలికినాది బాబూ. మంచిదే." కాసేపు కిటికీలోంచి పొలాలు చూశాడు. తర్వాత, నేను నిద్రపోయాననుకున్నాడో ఏమో, పెదాలు కదిలించి మెల్లగా అనుకోవడం మొదలుపెట్టాడు. కమొలా. కొమలా. సరిగ్గా రాలేదని తల ఊపుకుని మళ్ళీ అన్నాడు. రైలు చీపురుపల్లి చేరేసరికి ఆ పేరు అతని నోట చక్కగా పలికింది.